కెమెరా వెనుక గంటం

పాత కెమెరాలు సేకరించేవారికి వాటి పట్టిక రాసుకోవడం ఏదో ఒకనాడు తప్పని పని. తయారీదారు, నమూనా, వరుస సంఖ్య, కటకం, షట్టర్, ఫిల్మ్ పరిమాణం, ప్రస్తుత స్థితి – సాధారణంగా ఇవే అందులోని గడులు. ముప్పై ఏళ్ళుగా నా దగ్గర చేరిన కెమెరాలకు ఇటీవల అలాంటి పట్టిక రాస్తుండగా, ‘నంబర్ 1 ఆటోగ్రాఫిక్ కొడాక్ జూనియర్’ మడత కెమెరాలు రెండు కనిపించాయి. వరుస సంఖ్య మినహా రెండింటి వివరాలూ ఒక్కటే. వాటిని ఎవరు వాడారో, ఏం తీశారో రాయడానికి పట్టికలో గడి లేదు. ఆ లోటును నూరేళ్ళకు ముందే గుర్తించి తయారుచేసిన కెమెరాలవి.

ఫొటో తీసిన క్షణంలోనే దాని వివరాన్ని ఫిల్మ్ మీద నమోదు చేసే పద్ధతిని అమెరికన్ ఆవిష్కర్త హెన్రీ గైస్మన్ రూపొందించాడు. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ ఆ హక్కులను 3 లక్షల డాలర్లకు కొని, 1914లో ఆటోగ్రాఫిక్ కెమెరాలను విడుదల చేసింది. కెమెరా వెనుక ఒక చిన్న తలుపు, దానితోపాటు సన్నని లోహపు గంటం ఉంటాయి. ఫిల్మ్‌కూ దాని వెనుక పలుచని కాగితానికీ మధ్య ఒక కార్బన్ పొర ఉంటుంది. తలుపు తెరిచి కాగితం మీద గంటంతో నొక్కి రాస్తే, రాసిన మేర ఆ పొర తొలగి వెలుతురు లోపలికి పోతుంది. కొన్ని సెకన్లు ఆకాశం వైపు చూపి తలుపు మూస్తే, తేదీ, ఊరు, పేరు రెండు చిత్రాల నడుమ ఫిల్మ్‌పై అచ్చుపడతాయి. తాటాకు మీద గంటంతో రాసిన జాతివారికి ఈ పరికరం పరాయిగా తోచదు.

వివరం తెలియని కెమెరాకు చరిత్రలో ఎంత వెలితి ఉంటుందో చెప్పడానికి ఎవరెస్ట్ ఉదంతం చాలు. 1924 జూన్‌లో శిఖరం వైపు సాగిన జార్జ్ మేలరీకి సహచరుడు హోవర్డ్ సోమర్‌వెల్ తన వెస్ట్ పాకెట్ కొడాక్‌ను అరువిచ్చాడు. తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు ఆసుపత్రిలో దశాబ్దాలపాటు సేవచేసిన వైద్యుడే ఈ సోమర్‌వెల్. మేలరీ, అతనితో వెళ్ళిన ఆండ్రూ అర్విన్ తిరిగి రాలేదు. 1999లో మేలరీ దేహం దొరికింది, కెమెరా దొరకలేదు. ఆ రకం కెమెరాలు ఆ కాలంలో లక్షల్లో అమ్ముడయ్యాయి, నేటికీ సులభంగానే దొరుకుతాయి. పర్వతారోహణ చరిత్రకారులు వెతుకుతున్నది మాత్రం ఆ ఒక్కదాన్నే.

ఆటోగ్రాఫిక్ ఫిల్మ్ 1930ల తొలినాళ్ళలో ఆగిపోయింది. 1901లో పుట్టిన 120 పరిమాణపు ఫిల్మ్ మాత్రం ఇంకా తయారవుతూనే ఉంది. అందువల్ల నా జూనియర్ కెమెరాలు ఈనాటికీ ఫొటోలు తీస్తాయి. తోలు తిత్తిని ముందుకు లాగి, అరచేతి వెడల్పు పెట్టెలోంచి లోకాన్ని చూడటంలోని ఆనందం తగ్గలేదు. అయితే నేటి ఫిల్మ్‌లో కార్బన్ పొర లేదు. గంటం ఉంది, రాత పడదు.

ఆ రెండింటిలో ఒకటి అమెరికాలో ఒక ఇంటి సామాను అమ్మకంలో కొన్నది. అది తమ తాతగారిదని అమ్మినావిడ చెప్పారు. షట్టర్ పనిచేస్తుందా అని అడిగానే తప్ప, ఆయన పేరు అడగలేదు. రెండవది ఎక్కడ కొన్నానో నాకే గుర్తులేదు.

ఇప్పుడు పట్టికలో ‘ఎవరి చేతి నుండి’ అనే గడి చేర్చాను. చాలా వరుసల్లో అది ఖాళీగానే ఉంది. మొదటి కెమెరాకు ఎదురుగా ‘ఒకావిడ తాతగారు’ అని రాశాను. దాని కిందనే, గత ఆదివారం దానితో మా మనవరాలిని ఫొటో తీసిన సంగతి కూడా తేదీతో, పేరుతో సహా రాసి ఉంచాను.