పార్శ్వపునొప్పికి పటము గట్టిన చరిత్ర

శరీరమును బాధించు రుగ్మతలలో పార్శ్వపునొప్పికి ఒక విశేషము కలదు: అనుభవించువానికి అది ప్రళయము, ప్రక్కన నిలిచి చూచువానికి ఏమియు గానరాదు. జ్వరము లేదు, వాపు లేదు, నాడి పట్టిన వైద్యుని చేతికి చిక్కునదేదియు లేదు. మన ప్రాచీన వైద్యులు అర్ధావభేదకమను పేర దీనిని లక్షణసహితముగా వర్ణించిరి. పదునేడవ శతాబ్దిలో ఆంగ్లదేశపు వైద్యుడు థామస్ విల్లిస్ తలలోని రక్తనాళములు ఉబ్బుటయే దీనికి మూలమని తలంచెను. 1873లో ఎడ్వర్డ్ లివింగ్ ఇది నాళముల దోషము కాదనియు, నాడీమండలమున రేగు తుపానే యనియు వాదించెను గాని, ఆ మాట నాడు నిలువలేదు. 1938లో న్యూయార్కునందు వుల్ఫ్, గ్రాహం అనువారు ఎర్గొటమీన్ అను మందు నిచ్చి, కణతకడ ధమని కొట్టుకొను ఉద్ధృతి తగ్గుకొలది నొప్పియు తగ్గుచుండుటను రేఖలుగా గీయించి చూపగా, నాళములపై మోపిన నేరము ఋజువైనట్లే వైద్యలోకము విశ్వసించినది.

ఆ నేరారోపణ నుండి నాళములను విముక్తము చేయుటకు తొలి సాక్ష్యము యంత్రములనుండి కాక, రోగుల నుండియే వచ్చినది. ఈ వ్యాధి గల కొందరికి నొప్పికి ముందు చూపులో ఒక వింత పొడసూపును. దృష్టిమధ్యమునకు చేరువగా చిన్న చుక్క యొకటి మసకబారును. దాని అంచున కోటగోడ బురుజులవలె వంకరటింకరగా మెరయు గీతలు లేచును. ఆ వంపు క్రమక్రమముగా పెద్దదై, ఇరువది ముప్పది నిమిషములలో చూపు పొలిమేర దాటి మాయమగును. హ్యూబర్ట్ ఎయిరీ అను ఆంగ్ల వైద్యుడు తన కన్నులకు గోచరించిన ఈ దృశ్యమును దశలవారీగా చిత్రించి 1870లో ప్రకటించెను. 1941లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు కార్ల్ లాష్లీ మరియొక అడుగు ముందుకు వైచెను. తనకు ఆ మెరుపు వచ్చినప్పుడెల్ల కాగితముపై దాని సరిహద్దును గీచి, కాలమును గుర్తించి, మెదడు వెనుకభాగమున చూపునకు సంబంధించిన పొర నిడివితో లెక్కగట్టి, ఏదియో ఒక అలజడి ఆ పొరపై నిమిషమునకు 3 మిల్లీమీటర్ల చొప్పున నడచుచున్నదని తేల్చెను. కాగితము, పెన్సిలు, గడియారము, ఓర్పు: ఆయన ప్రయోగశాల యంతయు నింతే. 1944లో హార్వర్డునందు మూర్ఛరోగమును శోధించుచుండిన బ్రెజిలు దేశీయుడు అరిస్టిడిస్ లియావో, కుందేటి మెదడుపై విద్యుచ్చలనము అణగిపోవుచు మెల్లమెల్లగా ప్రక్కలకు పాకు వింతను కనుగొనెను. 1958లో మిల్నర్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెండు వేగములును ఒకదాని కొకటి సమీపించుచున్నవని సూచించువరకు, ఒకరి లెక్క మరియొకరి కుందేటితో కలిసినది కాదు.

బ్రతికియున్న మానవుని మెదడులో దీనిని చూపుట యెట్లు? తొలి సమాధానము కోపెన్‌హాగన్ నుండి వచ్చినది. రేడియోధార్మిక జెనాన్ వాయువును ద్రవములో కలిపి కంఠధమనిలోని కెక్కించి, తలప్రక్కన అమర్చిన 254 గ్రాహకములతో రక్తప్రవాహమును కొలుచు పద్ధతి యచ్చట వాడుకలో నుండెను. చిత్రమేమన, ధమనిని గుచ్చుట యనెడు ఆ పరీక్షయే కొందరిలో నొప్పిని రేపినది! రోగికిది దురదృష్టము, శాస్త్రమునకు అదృష్టము. ఒలెసెన్, లార్సెన్, లారిట్జెన్ 1981లో ప్రకటించిన దాని ప్రకారము, రక్తప్రవాహము మెదడు వెనుకభాగమున తగ్గి, ఆ తగ్గుదల నిమిషమునకు సుమారు 2 మిల్లీమీటర్ల నడకతో ముందునకు ప్రాకినది. ప్రాకుచు ఏ ధమని పొలిమేరను పాటింపలేదు. నాళము బిగియుటయే కారణమైనచో ఆ నాళము తడుపు భూమి మాత్రమే ఎండవలెను గదా! అంతేకాక, ప్రవాహము తగ్గియున్న దశలోనే నొప్పి మొదలగుటయు తరువాత తేలినది. ఇదంతయు కిరణములు చెదరుటవలన కలిగిన భ్రాంతియని కొందరు ఆక్షేపించిరి. ఆ వివాదము కొంతకాలము నడచినది.

ఈ చరిత్రలో యాదృచ్ఛికమునకు పెద్దపీట వేయక తప్పదు. నొప్పి పిలిచిన నాడు రాదు. యంత్రమో, ముందుగా నియమించిన గడియకే దొరకును. 1994లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ప్రకటించిన ఘటన అట్టిదే: దృష్టిని గూర్చిన వేరొక ప్రయోగమునకై పెట్ స్కానింగునందు పరుండిన యువతికి మధ్యలో నొప్పి రాగా, ప్రవాహము రెండువైపుల తగ్గుచు వ్యాపించుట పటమునకెక్కెను. మరుసటి యేట జర్మనీలోని ఎస్సెన్ పరిశోధకులు, మందుతో నొప్పి తీరిన పిదపను మెదడుకాండములో క్రియ నిలిచియుండుటను చూపిరి. 2001లో బోస్టనునందు నూషీన్ హజీఖానీ బృందము అదృష్టమునకై వేచియుండలేదు; బాస్కెట్‌బాల్ ఆడినచో మెరుపు వచ్చునని యెరిగిన రోగి నొకని నాడించి, ఎమ్మారై యంత్రములో పరుండబెట్టి, మినుకుమినుకుమను గళ్ళబల్లను చూపుచు పరిశీలించిరి. ఆ అలజడి నడక నిమిషమునకు 3.5 మిల్లీమీటర్లు. అరువదియేండ్ల వెనుక పెన్సిలుతో గీచిన లెక్కకు కోట్ల విలువగల యంత్రము ఇట్లు సాక్ష్యమిచ్చెను.

2013లో మరల కోపెన్‌హాగన్ పరిశోధకులు, నొప్పి నడుచుచుండగా తలవెలుపలి ధమనులు ఉబ్బుట లేదని పటములతో చూపగా, వుల్ఫ్ వాదము మరింత సడలెను. ఇచ్చట ఒక మాట చెప్పవలెను: ఈ పటములన్నియు పరిశోధనకై తీసినవి. మన ఊళ్ళలో రోగులు డబ్బుపోసి తీయించుకొను స్కానింగు, కణితి వంటి ఇతర దోషములు లేవని తెలుపుటకే గాని, పార్శ్వపునొప్పిని చూపుటకు కాదు. ఫిల్ములో ఏమియు లేదు గనుక నొప్పియు లేదని యింటివారు నిశ్చయించుట అన్యాయము.

2016లో హాంబుర్గునందు షుల్టె, మే అనువారు ఒకే రోగిని వరుసగా 30 దినములు ఎమ్మారైలో పరీక్షించి, మూడు దాడులను పట్టిరి. నొప్పికి ముందటి దినముననే ఆకలిదప్పులను, నిద్రను నడుపు హైపోథాలమస్ క్రియ మారినది. ముందునాడు ఆవులింతలు, చిరాకు, తీపిపై కోరిక కలుగునని రోగులు ఏనాటినుండియో చెప్పుచుండిరి. నిన్న చాక్లెట్టు తినుటచేతనే నేడు తల నొచ్చినదని తమ్ము తాము నిందించుకొనువారు పెక్కండ్రు. వారిలో కొందరి విషయమున, ఆ కోరికయే అప్పటికి మొదలైన దాడికి తొలి లక్షణమై యుండవచ్చును.