కుడివైపే ఎందుకు? నెలనెలా ఎందుకు?

1958లో అమెరికా వైద్య సంఘం పత్రికలో మౌరర్ అనే డాక్టరు మరో ఇద్దరితో కలిసి ఒక వింత కేసు అచ్చువేశారు. ఒకావిడకు ఊపిరితిత్తి మాటిమాటికీ ముడుచుకుపోతోంది. దెబ్బ తగల్లేదు, కిందపడలేదు. ఛాతీలోకి గాలి మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చి చేరుతోంది.

ఊపిరితిత్తిని కప్పి ఒక పలుచని పొర, ఛాతీ గోడకు లోపలివైపు ఇంకో పొర ఉంటాయి. రెంటి మధ్యా కాస్త తడి తప్ప గాలి ఉండదు. అక్కడి పీడనం బయటి గాలికన్నా తక్కువ కాబట్టే ఊపిరితిత్తి గోడను అంటిపెట్టుకుని విచ్చుకుని ఉంటుంది. ఆ సందులోకి గాలి దూరిందా, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. దీనికి న్యూమోథొరాక్స్ అని 1803లో పేరుపెట్టినవాడు ఫ్రెంచి డాక్టరు ఇటార్. గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. స్టెతస్కోపు పెడితే ఆ పక్క ఊపిరి చప్పుడు వినపడదు, వేలితో తడితే డొల్లగా మోగుతుంది, ఎక్స్‌రేలో ముడుచుకున్న ఊపిరితిత్తి అంచు సన్నని గీతలా కనిపిస్తుంది. చిక్కంతా గాలి ఏ దారిన వచ్చిందో తేల్చడంలోనే.

చాలాకాలం పాటు నింద క్షయ మీద పడింది. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ ఇది వస్తుందనీ, వాళ్ళలో చాలామందికి తర్వాత కూడా క్షయ బయటపడదనీ 1932లో డెన్మార్క్ డాక్టరు కియేర్‌గార్డ్ చూపించాక ఆ అనుమానం సడలింది. అప్పుడు దొరికిన కొత్త ముద్దాయి, ఊపిరితిత్తి కొసన ఉండే చిన్న చిన్న గాలి బుడగలు. పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాళ్ళలో, అందులోనూ సిగరెట్ తాగేవాళ్ళలో అవి పగులుతాయి. పొగతాగే మగవాళ్ళకు ఈ ముప్పు తాగనివాళ్ళకన్నా దాదాపు 22 రెట్లు ఎక్కువని 1987లో స్వీడన్ లెక్క తేల్చింది. మౌరర్ చూసినావిడ ఈ మూసలో ఇమడదు. ఆవిడ తర్వాత వెలుగులోకి వచ్చినవాళ్ళూ అంతే. ఎక్కువమంది ముప్పై దాటినవాళ్ళు. ఛాతీ తెరిచి చూస్తే పగిలిన బుడగ కనపడని సందర్భాలే ఎక్కువ.

మొదటి ఆధారం క్యాలెండర్‌లో దొరికింది. ఈ దాడులన్నీ నెలసరి మొదలవడానికి ఒక రోజు ముందునుంచి, మొదలైన మూడు రోజుల లోపు వస్తున్నాయి. గర్భంతో ఉన్నప్పుడు సాధారణంగా రావు. ఇంత సూటి ఆధారం అన్నాళ్ళు ఎలా తప్పిపోయిందంటే, ఆ తేదీ ఎవరూ అడగలేదు, అంతే. ఛాతీ డాక్టరు నెలసరి గురించి అడగడు, నెలసరి డాక్టరు ఛాతీ చూడడు. మన ఇళ్ళలో అయితే ముట్టు మాట గొంతు తగ్గించి చెప్పుకునేదే. తోడొచ్చింది తండ్రో అన్నో అయితే ఆ కాస్తా ఉండదు.

రెండో ఆధారం, పక్క. పదిమందిలో తొమ్మిది మందికి కుడి ఊపిరితిత్తే. తప్పు ఊపిరితిత్తిదే అయితే ఇంత పక్షపాతం ఎందుకుంటుంది? కుడి పక్కన ఊపిరితిత్తి కింద ఉన్నది కాలేయం. రెంటికీ మధ్య ఛాతీని, పొట్టను విడదీసే కండరపు పొర, ఉదరవితానం. సర్జన్లు అలవాటుగా ఊపిరితిత్తి పైకొసన బుడగ కోసం వెతికేవారు. జవాబు కింద ఉంది. ఉదరవితానం మీద గోధుమరంగు మచ్చలు, వాటి పక్కన చిన్న చిన్న చిల్లులు.

ఆ మచ్చలు ఎండోమెట్రియోసిస్‌వి. అంటే గర్భసంచి లోపొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరగడం. అది అంత పైకి ఎలా ఎక్కింది? పొట్టలోని ద్రవం ఒకచోట నిలవ ఉండదు. పెద్దపేగు కుడి అంచు పట్టుకుని కాలేయం పైదాకా పాకుతుంది. కాలేయాన్ని ముందు గోడకు కట్టి ఉంచే కొడవలి ఆకారపు పొర దాన్ని ఎడమవైపు పోనివ్వదు. ఆ ద్రవంతో కొట్టుకొచ్చిన కణాలు కుడి ఉదరవితానానికి అంటుకుని, నెలనెలా అక్కడా రక్తమోడుతూ చివరికి పొరను తొలిచేస్తాయి. కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవాళ్ళలో ఆ నీరు ఛాతీలోకి ఎక్కినా ఎక్కువగా కుడివైపుకే ఎక్కుతుంది. దారి కుడివైపే ఉందనడానికి ఇంతకన్నా మంచి సాక్షి ఎవరు?

ఇక గాలి. పొట్టలోకి బయటి నుంచి సహజంగా దారి ఉన్నది ఆడవాళ్ళకే. గర్భసంచి గుండా, అండవాహికల గుండా. మామూలు రోజుల్లో గర్భసంచి ముఖద్వారాన్ని చిక్కటి జిగురు మూసి ఉంచుతుంది. నెలసరిలో ఆ మూత ఉండదు. గాలి పొట్టలోకి, అక్కణ్ణుంచి చిల్లులోంచి ఛాతీలోకి. తేదీ, పక్క, చిల్లు మూడూ కలిశాయి.

కథ ఇక్కడ ముగిస్తే అందంగా ఉండేది. కానీ గర్భసంచి తీసేసిన కొందరికీ ఇది మళ్ళీ వచ్చింది. కొందరి ఉదరవితానంలో చిల్లే లేదు. అలాంటివాళ్ళలో ఆ కణజాలం ఊపిరితిత్తి మీదే అంటుకుని, నెలసరిలో ఊడిపోయి అక్కడే రంధ్రం చేస్తుందన్నది ఇంకో వాదన. నా మట్టుకు నాకు, దొంగ ఒక్కడే అని పట్టుబట్టనక్కర్లేదనిపిస్తుంది. 1972లో లిల్లింగ్టన్ బృందం కూడా కారణాన్ని బట్టి కాక తేదీని బట్టే దీనికి పేరు పెట్టింది. కాటమీనియల్ న్యూమోథొరాక్స్, అంటే నెలసరి న్యూమోథొరాక్స్.

మహా అరుదు అనుకున్న జబ్బు ఇది. 2003లో పారిస్ సర్జన్లు ఊపిరితిత్తి ముడుచుకుని ఆపరేషన్ దాకా వచ్చిన 32 మంది స్త్రీలను పరిశీలిస్తే 8 మందిది ఇదేనని తేలింది.

వైద్యం విషయానికొస్తే, చేరిన గాలి కొద్దిగా ఉండి ఆయాసం లేకపోతే కనిపెట్టి ఉంటే చాలు, ఒంట్లోకే ఇంకిపోతుంది. లేదంటే సూదితో లాగుతారు, లేదా గొట్టం వేసి నీళ్ళ సీసాకు కలుపుతారు. గాలి బుడగలుగా బయటికి పోతుంది, వెనక్కి రాదు. లోపలికొచ్చిన గాలి బయటికి దారిలేక గుండెను నొక్కేస్తే బీపీ పడిపోతుంది. అప్పుడు ఎక్స్‌రే కోసం ఆగకుండా సూది గుచ్చాల్సిందే. నెలసరిదని తేలితే మాత్రం గొట్టంతో సరిపెడితే వచ్చే నెల మళ్ళీ అదే పాట. కీహోల్ ఆపరేషన్లో మచ్చలు తీసేసి, చిల్లులు మూసి, వాటి మీద వలలాంటి మెష్ పరిచి, ఊపిరితిత్తి గోడకు అతుక్కునేలా చేస్తారు. ఆపైన కొన్ని నెలలు నెలసరిని ఆపే హార్మోను మందులు ఇస్తారు. అయినా తిరిగి రాదని హామీ లేదు.

ఛాతీలో గాలి చేరిందని రెండోసారి ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే, అమ్మా, ఎక్స్‌రే కవరు మీద నెలసరి మొదలైన తేదీ కూడా రాసుకుని వెళ్ళండి. డాక్టరు అడక్కపోయినా చెప్పండి.