పన్నెండుకు పన్నెండు

శ్రీశైలం పోయినవాళ్లకు నేను చెప్పే రోడ్డు తెలిసే ఉంటది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి పోయినంక ఒక తీరు, దోమలపెంట దాటి డ్యాం దిక్కు దిగేటప్పుడు ఇంకో తీరు. మా రామన్నపేట దిక్కు చదును రోడ్లకు అలవాటైన పానం నాది. ఆ మలుపుల్లో డ్రైవర్ మెల్లగ పోతున్నా "జర నిమ్మళంగ పో బిడ్డా" అంట. అసొంటి రోడ్డును రెండు దిక్కులా బందు పెట్టి, గడియారంతో పందెం కాస్తే ఎట్లుంటదో చెప్త, ఓపిగ్గా చదువుండ్రి.

ఫ్రాన్స్‌కు కోర్సికా అని ఒక ద్వీపం ఉంది, నెపోలియన్ పుట్టిన గడ్డ. అక్కడ 1956లో కార్ల ర్యాలీ మొదలైంది. పదివేల మలుపుల ర్యాలీ అని దానికి పేరు. మొదటి ఏడు గెలిచింది ఆడమనిషే, బెల్జియం నుంచి వచ్చిన జిల్బెర్త్ తిరియోన్. అది ప్రాణాలు తీసిన రోడ్డు కూడా. 1985 మే 2న అత్తిలియో బెత్తెగా పోయిండు. సరిగ్గా ఏడాదికి, మళ్లీ మే 2ననే, హెన్రీ తోయివోనెన్, పక్కన కూసున్న సెర్జియో క్రెస్టో ఇద్దరూ మంటల్లో పోయిన్రు.

ర్యాలీలో అందరూ ఒక్కసారి ఉరకరు. ఒకరి తర్వాత ఒకరిని వదులుతరు, ఒక్కో ముక్కకు టైమ్ కొలుస్తరు. ఆ ముక్కనే స్టేజీ అంటరు. డ్రైవర్ పక్కన ఇంకొకాయన నోట్‌బుక్కు పట్టుకొని ఉంటడు. ముందే మెల్లగ తిరిగి రాసుకున్న లెక్క అది: ఎన్ని మీటర్లకు మలుపు, ఎడమనా కుడినా, ఎంత వంపు. ఆయన చదువుతుంటే డ్రైవర్ కంటికి కనబడని మలుపుకు కూడా స్టీరింగ్ తిప్పుతడు. నాగలి పట్టినోడికి ఎడ్ల మీద ఎంత నమ్మకముంటదో, ఆ గొంతు మీద అంత ఉండాలె.

2005లో సెబాస్టియన్ లోబ్ అనే ఫ్రాన్స్ ఆయన, పక్కన మొనాకో మనిషి డేనియల్ ఎలెనా. లోబ్ చిన్నప్పుడు జిమ్నాస్టిక్స్ చేసిండు, తర్వాత ఎలక్ట్రీషియన్ పని నేర్చిండు. సెప్టెంబర్ 18న బ్రిటన్ వేల్స్‌లో ర్యాలీ. లోబే ముందున్నడు, గెలిస్తే ఆ ఏటి ప్రపంచ టైటిల్ అక్కడికక్కడే చేతికొచ్చేది. అంతలో మార్కో మార్టిన్ కారు చెట్టుకు గుద్దుకున్నది. పక్క సీట్ల ఉన్న మైకేల్ పార్క్ చనిపోయిండు. నోట్స్ చదివే మనిషి ఆయన.

మిగిలిన స్టేజీలు రద్దు చేసిన్రు. అప్పుడు లోబ్ ఏం చేసిండో చూడుండ్రి: కావాలనే టైమ్ పెనాల్టీ తగిలించుకొని మూడో స్థానానికి జారిండు. ఆ పూట టైటిల్ నాకొద్దని. గెలుపు పెట్టర్ సోల్బర్గ్‌కు పోయింది. మనకాడ పంచాయితీ సీటు కోసం ఒక ఓటు కూడా వదులుకోరు గదా, అందుకే ఈ సంగతి నాకు గుర్తుండిపోయింది.

తర్వాత జపాన్‌లో రెండో స్థానంలో వచ్చి టైటిల్ తీసుకున్నడు. అక్టోబర్ 21 నుంచి 23 దాకా కోర్సికా. ఇక ఆయనకు నిరూపించుకునేది ఏం లేదు, నిదానంగా నడిపినా అడిగేటోడు లేడు. కానీ మొదటి స్టేజీ గెలిచిండు, రెండోది గెలిచిండు. మూడు రోజులు, పన్నెండు స్టేజీలు, పన్నెండూ ఆయనవే. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో అప్పటిదాకా ఎవరూ ఒక ర్యాలీలో అన్ని స్టేజీలూ గెలవలేదు.

న్యాయంగా ఒక మాట. పాయింట్లలో ముందున్నోడు రోడ్డు మీద కూడా ముందే పోతడు. మలుపు లోపలికి కోసుకుంటూ పోయే కార్లు మట్టి, కంకర తారు మీదికి గుంజుతయి, ఎనకొచ్చేటోడికి టైర్ జారుతది. ముందుపోయిన లోబ్‌కు ఊడ్చినట్టున్న రోడ్డు దొరికింది. ఆ లాభం నిజమే. కానీ ఒక్క దాంట్ల కూడా సెకను ఇయ్యకపోవుడు రోడ్డు చేసిన పని కాదు, రెండో స్థానంలో వచ్చిన తోని గార్దెమైస్టర్‌ను అడిగినా అదే అంటడు కావచ్చు.

మార్కో మార్టిన్ మాత్రం కోర్సికాకు రాలేదు. ఆ ఏడు మిగిలిన ఏ ర్యాలీలోనూ ఆయన దిగలేదు.