మోటార్ సిటీ మ్యాపింగ్

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ప్రతి ఇల్లూ, ప్రతి ఖాళీ జాగా ఎలా ఉన్నాయో ట్యాబ్‌లు పట్టుకుని వీధివీధీ తిరిగి రాసుకున్న సర్వే పేరు మోటార్ సిటీ మ్యాపింగ్. ఇది 2013–14 చలికాలంలో జరిగింది.

ఇళ్ల బాగోగుల్ని పటంలో చూపడం పాత అలవాటే. 1880ల చివర్లో లండన్‌లో చార్లెస్ బూత్ బృందం అక్కడివాళ్ల స్థితిని బట్టి వీధివీధికీ రంగు వేసింది. పసుపు సంపన్నులకు, నలుపు అట్టడుగువారికి. ఆ నలుపుతోపాటే నేరస్థుల వీధి అన్న ముద్ర కూడా పడింది. చూసేవాడి అభిప్రాయం పటంలోకి ఎక్కడం అప్పుడూ ఉందన్నమాట.

డెట్రాయిట్ బాధ వేరు. 1950లో 18.5 లక్షల మంది ఉన్న ఊరు 2010 నాటికి 7,13,777కు పడిపోయింది. జనం వెళ్లిపోయారు, కొంపలు మిగిలాయి. 2009లో కార్లలో తిరుగుతూ కిటికీలోంచి చూసి ఇళ్ల లెక్క తీశారు గానీ, అలాంటి జాబితా ఎంతోకాలం పనికిరాదు. నిన్న తలుపులున్న ఇల్లు ఇవాళ కాలిపోయి ఉండొచ్చు. 2013 జూలైలో నగరం దివాలా పిటిషన్ వేసింది. ఏ ఇల్లు కూల్చాలో, ఏది నిలబెట్టాలో తేల్చుకోవడానికి కొత్త లెక్క కావాల్సి వచ్చింది.

ఈ పనిని డేటా డ్రివెన్ డెట్రాయిట్, లవ్‌లాండ్ టెక్నాలజీస్ అనే సంస్థలు చేపట్టాయి. రెండోదాని పుట్టుక తమాషాగా ఉంటుంది: డెట్రాయిట్ నేలను అంగుళం డాలరు చొప్పున అమ్మి పేరు తెచ్చుకున్న సంస్థ అది. తర్వాత పన్ను బకాయిలకు వేలానికొచ్చే ఇళ్ల పటాలు గీసింది. సర్వే యాప్‌ను ‘బ్లెక్స్‌టింగ్’ అన్నారు. పాడుబడటాన్ని చెప్పే ‘బ్లైట్’, ఫోన్ సందేశం ‘టెక్స్ట్’ కలిపి కుట్టిన మాట.

స్థానికులే సుమారు 150 మంది జట్లుగా కార్లెక్కారు. ఇంటి ముందు కారు ఆగగానే ఒకరు ట్యాబ్‌లో పటం తెరిచి ఆ జాగా మీద వేలితో నొక్కి ఫొటో తీసేవారు. ఇక ప్రశ్నలు: మనుషులుంటున్నారా? కాలిన గుర్తులున్నాయా? చెత్త పోశారా? ఎవరైనా లోపలికి దూరగలిగేలా తెరిచి ఉందా? చివరిది అసలు చిక్కు: బాగుందా, పర్లేదా, బాగాలేదా, కూల్చాలా? ఆఫీసులో మరో బృందం ఫొటోలు సరిచూసేది. జీపీఎస్ కారు ఎక్కడుందో చెబుతుంది కానీ, ముప్పై అడుగుల జాగాల వరుసలో కూలబోయే ఇల్లేదో తేల్చేది మనిషి కన్నే.

అలా దాదాపు 3,80,000 జాగాలు చూశారు. 2014 మేలో, పాడుబడిన కట్టడాల తొలగింపు కోసం ఏర్పడిన టాస్క్‌ఫోర్స్ నివేదిక వచ్చింది. 40,077 కట్టడాలు పాడుబడినవని, మరో 38,429 ఆ దారిలో ఉన్నాయని, 6,135 ఖాళీ స్థలాలు శుభ్రం చేయాల్సినవని తేల్చింది. తర్వాతి ఏళ్లలో కేంద్ర నిధులతో వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి.

మన దగ్గర ఇదే పద్ధతి ఎదురు దిశలో, ఇళ్లు కట్టడం కోసం నడిచింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు కట్టే కొద్దీ దశదశకూ జియోట్యాగ్ ఫొటోలు తీస్తారు. పట్టణ ఇళ్ల ఫొటోలకు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వారి భువన్ పటమే ఆధారం. 2024 డిసెంబరులో తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల సర్వేకు వచ్చినవాళ్లు కూడా ఫోన్ తీసి, దరఖాస్తుదారు ఇప్పుడుంటున్న ఇంటి ఫొటో, కప్పు, గోడల వివరాలు యాప్‌లోకి ఎక్కించుకున్నారు.