నీలిశిశువుల తలాపున

శస్త్రచికిత్సల చరిత్ర వ్రాయువారు సాధారణముగా కత్తి పట్టినవారి పేళ్ళనే వ్రాయుదురు. రోగి తలాపున కూర్చుండి, మత్తు నిచ్చుచు, ఊపిరిని కాచుచుండు వైద్యుని పేరు ఏ మూలనో ఉండును. పుట్టుకతోనే గుండెలోపము గల పసిబిడ్డల చరిత్రను ఒకసారి తలాపు వైపునుండి చూడవలెనని మా ఉద్దేశము.

1938 ఆగస్టు 26వ తేదీన బోస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్ అను యువవైద్యుడు, ఒక ఏడేండ్ల బాలికకు గుండెచెంత మూసికొనక మిగిలిన రక్తనాళమును కట్టివేసెను. ఆమెకు సైక్లోప్రొపేన్ వాయువుతో మత్తు నిచ్చినది బెట్టీ లాంక్ అను నర్సు. నిప్పురవ్వ సోకిన ప్రేలునట్టి వాయువది! బాలిక కోలుకొనెను. అయితే ఆమె నీలిశిశువు కాదు.

నీలిశిశువుల గుండెలో క్రింది గదుల నడుమ రంధ్రముండును. ఊపిరితిత్తులకు పోవు దారి ఇరుకుగా నుండును. శుద్ధికి పోవలసిన రక్తము కొంత ఆ రంధ్రముగుండా తప్పించుకొని శరీరమునకే మరలును. పెదవులు, గోళ్ళు నీలమగును. అట్టి పిల్లలు నాలుగడుగులు నడచి గొంతుక్కూర్చుందురు. అట్లు కూర్చున్నచో కాళ్ళలోని నాళములు నొక్కుకొని, శరీరమున ఒత్తిడి పెరిగి, రక్తము ఊపిరితిత్తుల వైపు మళ్ళును. ఈ ఉపాయమును పసివారికి ఎవరు నేర్పిరో! మత్తుమందు దీనికి సరిగా ఎదురుపని చేయును, నాళములను సడలించును. మత్తు చాలక బిడ్డ భయపడి ఏడ్చినను ప్రమాదమే. ఇరుకుదారి మఱింత బిగుసుకొనును. ఈ రెంటి నడుమనే మత్తువైద్యుడు నడువవలెను.

1944 నవంబరు 29వ తేదీన బాల్టిమోర్ నగరమున జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పదునైదు నెలల ఆడుబిడ్డను బల్లమీదికి తెచ్చిరి. ఆమె సుమారు 4 కిలోలు మాత్రమే తూగుచుండెను. ఊపిరితిత్తులకు మఱికొంత రక్తము చేర్చవలెనన్న ఆలోచన హెలెన్ టౌసిగ్ అను పిల్లల వైద్యురాలిది. చేతి ధమనిని మళ్ళించి అతుకు విధమును కుక్కలపై సాధించినవాడు వివియన్ థామస్. కత్తి పట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్. ఈ మువ్వురి కథ లోకమెఱిగినదే. కాని మత్తువైద్యులలో పెద్దయైన ఆస్టిన్ లామాంట్, ఈ బిడ్డ బ్రతుకజాలదని తలచి, మత్తు నిచ్చుటకు నిరాకరించెను. మెరెల్ హార్మెల్ అను యువవైద్యుడు ఆ భారము వహించెను.

లామాంటును పిఱికివాడనుట న్యాయము కాదు. వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు సాధనము నాడు లేదు. మత్తువైద్యుడు పెదవుల రంగు చూచి, నాడి పట్టి, స్థితి గ్రహింపవలసినదే. ముందే నీలమైయున్న బిడ్డలో రంగును చూచి తెలియున దేమి? పైగా అతుకు వేయునంతసేపు ఒక ప్రక్క ఊపిరితిత్తికి పోవు కొద్దిపాటి రక్తమును గూడ ఆపవలసియుండెను. బిడ్డ ఆ గండము గడచెను. కొన్ని నెలలకు మరల నీలమై, రెండవ శస్త్రచికిత్స పిమ్మట మరణించెను.

1946లో హార్మెల్, లామాంట్ కలిసియే 100 శస్త్రచికిత్సల అనుభవమును ప్రకటించిరి. అందు పది మరణములు మత్తుకు సంబంధించినవని దాచక వ్రాసిరి. నీలిశిశువుల వార్తలు పత్రికల నిండ వెలువడుచున్న దినములలో అట్టి లెక్క చెప్పుటకు గుండెదిటవు కావలెను.

ఒక్క గుండెనే చూచిన చాలదని తరువాత తెలిసినది. నీలిశిశువులలో కొందఱికి 22వ క్రోమోజోమున చిన్న తునక లోపించియుండును. వారి రక్తమున కాల్షియము తక్కువగా నుండవచ్చును. నిలువచేసిన రక్తములోని సిట్రేటు ఆ కాస్త కాల్షియమును బంధింపగా గుండె నీరసించును. రోగనిరోధకశక్తి మిక్కిలి తక్కువైనవారికి కిరణములతో శోధించిన రక్తమునే ఎక్కింతురు. లేకున్న దాత రక్తకణములే బిడ్డపై తిరుగబడగలవు.

1961లో న్యూజిలాండు వైద్యుడు జె. సి. పి. విలియమ్స్ వర్ణించిన వ్యాధి మఱింత మాయలాడిది. ఈ పిల్లలు కొత్తవారితో సైతము చనువుగా మాటలాడుదురు, నీలమైయుండరు, చూపులకు ఆరోగ్యవంతులే. మూలము 7వ క్రోమోజోమున ఎలాస్టిన్ జన్యువు లోపించుట యని 1993లో తేలినది. బృహద్ధమనియు, గుండెనే పోషించు ధమనులును ఇరుకై యుండవచ్చును. అట్టి బిడ్డలకు పన్ను తీయుటకో, గుండెను పరీక్షించుటకో మత్తు నిచ్చినపుడు గుండె హఠాత్తుగా ఆగిన సందర్భములు కలవు. ఒకసారి ఆగిన గుండెను మరల కదలించుటయు వీరిలో మిక్కిలి కష్టము. అందుచే నేడు వీరిని దీర్ఘకాలము పస్తుంచక, ఉదయమున మొదటివారిగానే లోనికి గొనిపోవుదురు. మత్తుకు ముందు రెండు గంటల వఱకు తేటనీరు త్రాగనిత్తురు.