ఛందోగ్రంథం ఎవరి కోసం? – తెలుగు లక్షణకర్తలు, వారి పాఠకులు

ఉపోద్ఘాతం

తెలుగు ఛందశ్శాస్త్ర చరిత్రను మనం ఎక్కువగా లక్షణాల చరిత్రగానే రాసుకున్నాం. ఏ లాక్షణికుడు ఎన్ని వృత్తాలు చెప్పాడు, ఎన్ని యతిభేదాలు లెక్కించాడు, పూర్వులను ఎక్కడ అనుసరించాడు, ఎక్కడ విభేదించాడు అనేవే మన పరిశోధన ప్రశ్నలు. ఆ గ్రంథాన్ని ఎవరి చేతిలో పెట్టడానికి రాశారు అనే ప్రశ్నకు తగినంత చోటు దక్కలేదు. పద్యం రాయబోయేవాడికి చెప్పిన నియమం, రాసిన పద్యాన్ని విచారించేవాడికి చెప్పిన నియమం ఒకే మాటల్లో కనిపించినా వాటి ప్రయోజనం ఒకటి కాదు. ఈ భేదాన్ని విస్మరిస్తే ప్రాచీన పద్యాల మీద మనం ఇచ్చే తీర్పులు తప్పుతాయి. ప్రధానమైన కొన్ని ఛందోగ్రంథాలను వాటి పాఠకుల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కవులకు ఆశ్రయం

తెలుగులో పద్యం శాస్త్రం కోసం ఎదురుచూడలేదు. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ ఉంది. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కరలు ఉన్నాయి. కరీంనగర్ ప్రాంతంలోని కుర్క్యాలలో, పంప మహాకవి సోదరుడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో చెక్కించిన శాసనంలో కంద పద్యాలు ఉన్నాయి. అద్దంకి తరువోజ నాటికి తెలుగులో లక్షణగ్రంథం ఉందనడానికి మన చేతిలో ఆధారమేదీ లేదు. అయినా ఆ కవి గణాలు తప్పలేదు. అతను ఛందస్సును నేర్చుకున్నది చెవి ద్వారా, పాట ద్వారా అయి ఉండాలి.

లభ్యమైన తెలుగు ఛందోగ్రంథాలలో తొలిదిగా పరిగణిస్తున్న ‘కవిజనాశ్రయము’ పేరులోనే తన పాఠకుణ్ణి చెప్పుకుంది. మల్లియ రేచన పేరుతో ఉన్న ఈ గ్రంథాన్ని వేములవాడ భీమకవి రచించాడనే సంప్రదాయమూ ఉంది. కాలం విషయంలోనూ పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆ వివాదంలోకి ఇక్కడ వెళ్లడం లేదు. గ్రంథ నిర్మాణమే మనకు ముఖ్యం. ఇందులో లక్షణమూ లక్ష్యమూ ఒకే పద్యం. ఉత్పలమాల గణాలను చెప్పే పద్యం ఉత్పలమాలలోనే నడుస్తుంది. దాన్ని వల్లించినవాడికి నియమం, నడక రెండూ ఒకేసారి పట్టుబడతాయి. తాటాకు మీద గురులఘువుల పట్టికలు గీసుకునే అవసరం లేకుండా జ్ఞాపకమే పుస్తకంగా పనిచేసే పద్ధతి ఇది. ‘యమాతారాజభానసలగం’ అనే గుర్తుమాటలోనూ ఇదే సూత్రం ఉంది. అందులో ఏ అక్షరం నుంచైనా వరుసగా మూడక్షరాలు తీసుకుంటే, ఆ మొదటి అక్షరం పేరుగల గణం వస్తుంది. ‘యమాతా’ లఘువు, గురువు, గురువు కనుక యగణం. వివరణ అక్కరలేదు, నోటికి వస్తే చాలు.

15వ శతాబ్దిలో అనంతామాత్యుడు రచించిన ‘ఛందోదర్పణము’ కూడా ప్రధానంగా కవి చేతి పుస్తకమే. ‘అనంతుని ఛందము’ అనే వాడుక పేరే దాని ప్రచారానికి సాక్ష్యం. విన్నకోట పెద్దన ‘కావ్యాలంకారచూడామణి’లో మాత్రం ఛందస్సు అలంకార, వ్యాకరణాల పక్కన ఒక భాగంగా మారింది. అంటే పద్యం కట్టడం మాత్రమే కాక కావ్యాన్ని సమగ్రంగా తెలుసుకోవాలనుకునే చదువరి ఒకడు అప్పటికే ఏర్పడ్డాడు.

లక్షణగ్రంథాలలో మనం సాధారణంగా నవ్వుకుంటూ దాటేసే భాగం ఒకటుంది. మగణానికి భూమి, యగణానికి జలం, రగణానికి అగ్ని, సగణానికి వాయువు అధిదేవతలు అంటూ, కావ్యారంభంలో ఏ గణం శుభమో ఏది అశుభమో చెప్పే ప్రకరణం అది. దీనివల్ల పద్యం నడకకు ఒరిగేదేమీ లేదు. కానీ కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిపతి వైపు నుంచి చూస్తే దాని అవసరం అర్థమవుతుంది. తన పేరు మీద వెలువడే కావ్యం అగ్నిగణంతో మొదలైతే కీడు కలుగుతుందని భయపడేవాడు కవి కంటే ముందు కృతిపతే. ఛందోగ్రంథం అతని భయానికి కూడా సమాధానం చెప్పవలసి వచ్చింది. ఈ ప్రకరణాన్ని మూఢవిశ్వాసంగా కొట్టిపారేయడం కంటే, కవి–పోషక సంబంధానికి ఆధారంగా చదవడం పరిశోధనకు మేలు.

కామేపల్లిలో న్యాయస్థానం

కాకునూరి అప్పకవి దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. పల్నాటి కామేపల్లిలో 1656లో ఆయన ప్రారంభించిన గ్రంథం పేరుకు ‘ఆంధ్రశబ్దచింతామణి’కి వ్యాఖ్య. నన్నయ రచించిన ఆ వ్యాకరణాన్ని భీమకవి గోదావరిలో కలిపాడనీ, సారంగధరుని ద్వారా అది నిలిచి బాలసరస్వతికి చేరిందనీ, స్వప్నంలో విష్ణువు చెప్పినట్టే తన చేతికి వచ్చిందనీ అప్పకవి అవతారికలో కథ చెప్పుకున్నాడు. రేచన గ్రంథానికి కర్తగా సంప్రదాయం చెప్పిన భీమకవే ఈ కథలో శాస్త్రాన్ని నీటిపాలు చేసినవాడు కావడం ఆసక్తికరం. కథలోని సత్యాసత్యాలు అలా ఉంచితే, నియమానికి ఒక మూలపురుషుడు, ఒక దైవాజ్ఞ అవసరమయ్యాయన్నది గమనించాలి. రేచనకు అటువంటి అవసరం కనబడదు.

అప్పకవీయంలో యతిప్రాసల విచారం సుదీర్ఘం. ఒక్కొక్క యతికి పేరు, విధి, పూర్వకవుల ప్రయోగం, అవసరమైన చోట ఆక్షేపం, సమాధానం. పద్యం రాయదలచినవాడికి ఇంత సరంజామా అక్కరలేదు. ‘ఈ ప్రయోగం చెల్లుతుందా?’ అని సభలో ఒకరు ప్రశ్నించినప్పుడు, సాక్ష్యం చూపి గెలవవలసినవాడికి అది కావాలి. అప్పకవి పాఠకుడు తీర్పరి. ఆ తీర్పరి కోసం ఆయన పోగుచేసిన ప్రయోగాలు సాహిత్య చరిత్రకు ఎంతో ఉపకరించాయన్నది వేరే సంగతి. ఇటువంటి ఉదాహరణల ద్వారానే మనకు పేరు తెలిసిన కావ్యాలు కూడా ఉన్నాయి.

ఈ మార్పు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో మధ్యాక్కరలో స్పష్టంగా కనిపిస్తుంది. పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. నన్నయ మధ్యాక్కరల్లో యతి ఐదవ గణం మొదటి అక్షరం మీద ఉంటుంది. తరువాతి లక్షణగ్రంథాలలో స్థిరపడిన యతిస్థానం నాలుగవ గణం మొదటి అక్షరం. కాగితం మీద చూస్తే రెండవదే సహజంగా కనిపిస్తుంది. పాదం సరిగ్గా రెండు సమభాగాలవుతుంది, ప్రతి భాగమూ సూర్యగణంతో ముగుస్తుంది. నన్నయ విరుపులో నాలుగు గణాల తరువాత రెండు గణాలు మిగులుతాయి. ఆ ఎగుడుదిగుడు చెవికి కలిగించే అనుభవం వేరు. నియమాన్ని ఒక క్రమంగా కంటితో చూసేవాడికి సమవిభజన నచ్చడంలో ఆశ్చర్యం లేదని నా ఊహ. ఏమైనా, తరువాతి నియమంతో నన్నయను కొలిచి ‘యతిభంగం’ అనడం కాలక్రమాన్ని తలకిందులు చేయడమే. మన వ్యాసాలలో ‘లక్షణవిరుద్ధం’ అనే మాట కనిపించిన ప్రతిచోటా, ఎవరి లక్షణానికి విరుద్ధమన్నది కూడా రాయవలసి ఉంటుంది.

పద్యం రాయని పాఠకుడు

1827లో మద్రాసులో అచ్చయిన సి.పి. బ్రౌన్ ఛందోగ్రంథం తెలుగు, సంస్కృత ఛందస్సులను ఇంగ్లీషులో వివరించింది. దాని పాఠకుడు తెలుగు నేర్చుకునే కంపెనీ ఉద్యోగి. అతను పద్యం రాయడు, సభలో వాదించడు. అతనికి కావలసింది చదవడం. ఇంతకుముందు తెలుగు లక్షణకర్తలు ఈ పాఠకుణ్ణి ఊహించలేదు, ఊహించవలసిన అవసరమూ రాలేదు.

చదవడం అనే పని తేలికైనదేమీ కాదు. తాళపత్రాలలో పద్యాన్ని పాదాలుగా విడగొట్టి రాసే అలవాటు లేదు. అక్షరాలు ఆకు అంచు దాకా సాగుతూనే ఉంటాయి. పాదం ఎక్కడ ముగిసిందో ప్రాస చెబుతుంది, ఎక్కడ విరిగిందో యతి చెబుతుంది. లేఖకుడు ఒక అక్షరం వదిలేస్తే గణం కుంటుతుంది. ఆ కుంటే తప్పును పట్టిస్తుంది. కందంలో ఆరవ గణం నలమో జగణమో కావాలన్న నియమం కవికి కట్టడి అయితే, ప్రతులను పరిష్కరించేవాడికి అదే ఆనవాలు. బ్రౌన్ ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి పరిష్కరింపజేసిన కృషిని దృష్టిలో ఉంచుకుంటే, ఛందస్సు ఆయనకు ఎందుకంత అవసరమైందో తెలుస్తుంది. దీనికి మరో వైపూ ఉంది. గణం కుంటిన ప్రతిచోటా లేఖకుడి తప్పే అని నమ్మే పరిష్కర్త, కవి తెలిసి చేసిన ప్రయోగాన్ని కూడా దిద్దేసే ప్రమాదం ఉంది. అప్పకవీయాన్ని పక్కన పెట్టుకుని పాత ప్రతిని దిద్దితే, ఆ ప్రతి నుంచి అప్పకవీయానికే మళ్లీ సాక్ష్యం దొరుకుతుంది.

20వ శతాబ్దిలో విద్యార్థి ప్రధాన పాఠకుడయ్యాడు. గణవిభజన చేసి పద్యం పేరు రాస్తే మార్కులు వస్తాయి. ఆ పద్యాన్ని పైకి చదవవలసిన అవసరం పరీక్షలో రాదు. తరగతి గదిలో గురులఘువులు తప్పులేకుండా గుర్తించిన విద్యార్థి అదే పద్యాన్ని చదవమంటే తడబడడం ఉపన్యాసకులందరికీ అనుభవమే. గిడుగు సీతాపతి, రావూరి దొరసామిశర్మ, కోవెల సంపత్కుమారాచార్యుల గ్రంథాలు ఛందస్సును చరిత్రగా, పరిణామంగా చూపి పరిశోధకుడనే మరో పాఠకుణ్ణి తయారుచేశాయి. వచన పద్యానికి లక్షణం ఉందా అనే విషయమై సంపత్కుమార, చేకూరి రామారావుల మధ్య నడిచిన చర్చ ఈ వరుసలో విశిష్టమైనది. లక్షణం కోసం ఎదురుచూడకుండా కవులు రాస్తున్న రూపానికి, రాసిన తరువాత లక్షణం వెదికిన సందర్భం అది. అద్దంకి తరువోజ నాటి స్థితి మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి చర్చించడానికి ఒక భాషాశాస్త్రవేత్త కూడా ఉన్నాడు.

ఇప్పుడు పద్యాన్ని టైపు చేస్తే గణాలు, యతి, ప్రాస సరిచూసే కంప్యూటర్ ఉపకరణాలు కూడా వచ్చాయి. కొత్తగా పద్యం నేర్చుకునేవారికి అవి ఎంతో సాయం. కానీ మధ్యాక్కరకు నాలుగవ గణం దగ్గర మాత్రమే యతిని వెదకమని నేర్పిన ఉపకరణానికి ఆంధ్రమహాభారతంలోని నన్నయ మధ్యాక్కరను ఇస్తే, అది నాలుగు పాదాల్లోనూ తప్పు చూపుతుంది.