చల్లని ఇంజను గేరు వేయగానే ఆగిపోవడం (బ్యూక్ గ్రాండ్ నేషనల్)

బ్యూక్ గ్రాండ్ నేషనల్ అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ తన బ్యూక్ విభాగం పేరిట తయారుచేసిన వేగవంతమైన కారు. 1982లో రీగల్ కారుకు ఒక ప్రత్యేక రూపంగా మొదలైన ఈ నమూనా, 1984 నుండి 1987 వరకు నల్లరంగులో, టర్బోఛార్జరు గల 3.8 లీటర్ల వి-6 ఇంజనుతో వెలువడింది. 1986లో దీనికి ఇంటర్‌కూలరు చేర్చారు. 1987 నమూనా ఇంజను సామర్థ్యం 245 అశ్వశక్తి. దీని గేర్‌బాక్సు నాలుగు గేర్ల ఆటోమేటిక్ రకానికి చెందినది.

ఇప్పటికీ అభిమానులు భద్రపరచి నడుపుతున్న ఈ కార్లలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. రాత్రంతా నిలిపి ఉంచిన కారు ఉదయం వెంటనే స్టార్టు అవుతుంది. పార్క్ స్థానంలో ఉన్నంతసేపు ఇంజను బాగానే తిరుగుతుంది. గేరును డ్రైవ్‌లోకి గాని రివర్సులోకి గాని మార్చిన మరుక్షణం ఆగిపోతుంది. కొన్ని నిమిషాలు వేడెక్కిన తరువాత అదే కారు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. అందువలన చాలామంది దీనిని వాతావరణ ప్రభావంగా భావించి వదిలివేస్తారు. నిజానికి లోపం వేడికి తొలగిపోదు, మరుగున పడుతుంది. ఈ వ్యాసంలోని వివరాలు 1986, 1987 నమూనాలకు సంబంధించినవి.

ఆగిపోవడం ఎందుకు జరుగుతుంది

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో క్లచ్ పెడలుకు బదులు ఇంజనుకు, గేర్లకు మధ్య టార్కు కన్వర్టరు ఉంటుంది. నూనెతో నిండిన ఈ పాత్రలో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు ఉంటాయి. ఒకటి ఇంజనుతో పాటు తిరుగుతూ నూనెను రెండవదానిపైకి నెడుతుంది. పార్క్‌లో రెండవ చక్రానికి అడ్డు లేదు గనుక రెండూ కలిసి తిరుగుతాయి, ఇంజనుపై భారం స్వల్పం. బ్రేకు తొక్కి గేరు వేసినపుడు రెండవ చక్రం నిలిచిపోతుంది. అప్పుడు ఇంజను నిశ్చలంగా ఉన్న రెక్కల మీదికి నూనెను నెట్టవలసివస్తుంది. నూనె చల్లగా, చిక్కగా ఉన్నపుడు ఈ భారం మరింత ఎక్కువ.

మరొకవైపు చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కొంత భాగం గోడలకు తడిగా అంటుకొని మండకుండా ఉండిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి అదనపు పెట్రోలు ఇవ్వాలి. కార్బ్యురేటరు కార్లలో చోక్ లాగి స్టార్టు చేసినవారికి ఇది తెలిసిన సంగతే. గ్రాండ్ నేషనల్‌లో ఆ పనిని కంప్యూటరు చేస్తుంది. కూలెంటు ఉష్ణోగ్రత, లోనికి వచ్చే గాలి పరిమాణం, త్రాటిల్ స్థానం చూసి ఇంజెక్టర్లు ఎంతసేపు తెరిచి ఉండాలో లెక్కకడుతుంది.

ఇంజను వేడెక్కిన తరువాత పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు ఈ లెక్కలోని తప్పులను కంప్యూటరుకు తెలియజేస్తుంది, కంప్యూటరు సరిదిద్దుకుంటుంది. అయితే ఆ సెన్సారు పనిచేయాలంటే సుమారు 315 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంతవరకు కంప్యూటరు కేవలం లెక్కలను నమ్ముకొని నడుస్తుంది. ఏదైనా సెన్సారు కొద్దిగా తప్పు చెప్పినా సరిదిద్దేవారు లేరు. ఈ లోపం చల్లని వేళలో మాత్రమే బయటపడటానికి ముఖ్యకారణం ఇదే. కాబట్టి పరీక్షలు చేయవలసింది కూడా ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నపుడే. మధ్యాహ్నం వేడి ఇంజనుతో గ్యారేజీకి తీసుకువెళితే మెకానిక్కుకు ఏ లోపమూ కనిపించదు.

కూలెంటు ఉష్ణోగ్రత సెన్సారు

మొదట అనుమానించవలసింది దీనినే. చవకైనది, పరీక్ష కూడా సులభం. ఉష్ణోగ్రత తగ్గిన కొద్దీ ఈ సెన్సారు విద్యుత్ నిరోధం పెరుగుతుంది. 100 డిగ్రీల వద్ద సుమారు 177 ఓములు, 40 డిగ్రీల వద్ద 1,459 ఓములు, 20 డిగ్రీల వద్ద 3,520 ఓములు, 0 డిగ్రీల వద్ద 9,420 ఓములు ఉండాలి.

స్టీరింగు క్రింద ఉన్న పరీక్షా కనెక్టరులో ఎ, బి టెర్మినళ్ళను తీగతో కలిపి, ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవి తిప్పితే, హెచ్చరిక దీపం మిణుకుమంటూ లోపసంకేతాలను చూపుతుంది. ముందుగా 12 అనే సంఖ్య మూడుసార్లు వస్తుంది. అది పరీక్షావ్యవస్థ పనిచేస్తున్నదనడానికి గుర్తు. తరువాత 14 లేదా 15 వస్తే కూలెంటు సెన్సారు గాని దాని తీగలు గాని చెడినట్లు.

అయితే సంకేతం రాలేదని సెన్సారు మంచిదని నిర్ణయించడం పొరపాటు. తీగ తెగినపుడు, షార్టయినపుడు వచ్చే అసాధ్యమైన విలువలను మాత్రమే కంప్యూటరు లోపంగా గుర్తిస్తుంది. 20 డిగ్రీల చల్లదనంలో సెన్సారు 1,459 ఓములు చూపితే కంప్యూటరు ఇంజను 40 డిగ్రీల వద్ద ఉన్నదని నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది. సంకేతమూ రాదు, దీపమూ వెలగదు. పార్క్‌లో ఆ కొద్ది పెట్రోలు సరిపోవచ్చు, గేరు భారం పడగానే చాలదు. కాబట్టి తెల్లవారుజామున సెన్సారు కనెక్టరు ఊడదీసి మీటరుతో కొలిచి, పక్కనే థర్మామీటరుతో పోల్చి చూడాలి. డాష్‌బోర్డు సూచికకు వెళ్ళే సెన్సారు వేరు. దానిని మార్చి ఫలితం లేదని వాపోవడం సాధారణంగా జరిగేదే.

గాలి మార్గం

గాలిని కొలిచే సెన్సారు ఎయిర్ ఫిల్టరుకు, టర్బోకు మధ్య ఉంటుంది. దాని తరువాత ఎక్కడ సందు ఉన్నా, ఇంజను ఐడిల్‌లో ఉండగా లెక్కకు రాని గాలి లోనికి చేరి మిశ్రమం పలుచనవుతుంది. దశాబ్దాల వయసు వచ్చిన కార్లలో రబ్బరు గొట్టాలు గట్టిపడి పగలడం సహజం. చల్లగా ఉన్నపుడు తెరుచుకొని ఉండే పగులు, రబ్బరు వేడెక్కి మెత్తబడ్డాక మూసుకుపోవచ్చు.

ఈ కార్లలో గాలి సెన్సారు కూడా తరచుగా చెడిపోతుంది. ఇంజను తిరుగుతుండగా స్క్రూడ్రైవరు పిడితో దానిని మెల్లగా తట్టినపుడు ఇంజను తొట్రుపడితే సెన్సారు పనికిరానిదని అర్థం.

ఐడిల్ వేగాన్ని నిలిపే మోటారు మరొక ముఖ్యభాగం. త్రాటిల్ మూసి ఉన్నపుడు పక్కదారి గుండా వెళ్ళే గాలిని ఇది నియంత్రిస్తుంది. దీని మొనకు మసి పట్టితే భారం పడినపుడు వేగంగా కదలలేదు. ఊడదీసి శుభ్రపరిస్తే చాలాసార్లు సరిపోతుంది. గేరు వేసిన సంగతి కంప్యూటరుకు తెలిపే పార్క్-న్యూట్రల్ స్విచ్చును ఎవరూ చూడరు. అది స్థానం తప్పితే కంప్యూటరు కారు ఇంకా పార్క్‌లోనే ఉన్నదనుకొని, ముందుగా గాలి పెంచవలసిన సమయంలో ఊరకుంటుంది.

త్రాటిల్ స్థాన సెన్సారు, పెడలు వదిలిన స్థితిలో సుమారు 0.42 వోల్టులు చూపాలి. ఎక్కువైతే డ్రైవరు పెడలు తొక్కుతున్నాడని భ్రమించి కంప్యూటరు ఐడిల్ నియంత్రణను వదిలేస్తుంది.

పెట్రోలు ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటరు నుండి వ్యాక్యూమ్ గొట్టాన్ని లాగి వాసన చూడాలి. పెట్రోలు వాసనో తడో ఉంటే లోపలి పొర చిరిగినట్లే.

మార్పులు చేసిన కార్లు

ఈ కార్లలో అసలు భాగాలతోనే మిగిలినవి తక్కువ. పెద్ద ఇంజెక్టర్లు అమర్చి, వాటికి తగిన ప్రోమ్ చిప్పు మార్చకపోతే చల్లని వేళ పెట్రోలు మితిమీరి ప్లగ్గులు తడిసిపోతాయి. ఇక్కడ మిశ్రమం పలుచన కాదు, చిక్కన. ప్లగ్గు ఊడదీసి చూస్తే తేడా తెలుస్తుంది. రేసు తరహా క్యామ్‌షాఫ్టు వేసినవారు ఐడిల్ వేగం కొంత పెంచుకోక తప్పదు. ఎక్కువ స్టాల్ వేగం గల కన్వర్టరు వేస్తే గేరులో భారం తగ్గుతుంది.

మామూలు కారులో మాత్రం త్రాటిల్ స్క్రూ బిగించి ఐడిల్ పెంచడం సరైన చికిత్స కాదు. దానివలన పైన చెప్పిన 0.42 వోల్టుల అమరిక చెడుతుంది. పైగా హెచ్చు వేగంలో గేరు వేస్తే కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. గేరులో పరీక్షించేటపుడు చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, కారుకు ముందు వెనుకల ఎవరూ లేకుండా చూడాలి.

కన్వర్టరు లాకప్ క్లచ్

టార్కు కన్వర్టరు లోపల ఇంజనును, గేర్లను నేరుగా కలిపే క్లచ్ ఒకటి ఉంటుంది. అది విడిపోకుండా పట్టుకుపోయినా ఇంజను ఆగుతుంది. అయితే ఆ లోపం సాధారణంగా దూరప్రయాణం తరువాత, వేడి మీద, కారును నిలపబోయేటపుడు కనిపిస్తుంది. ఉదయం మొదటి గేరుకే ఆగే కారులో గేర్‌బాక్సు విప్పించడం చివరి మాటగా ఉండాలి. డ్రైవ్, రివర్సు రెండింటిలోను ఒకేలా ఆగుతుంటే ముందుగా ఇంజను వైపే చూడాలి.

నడిరోడ్డుపై ఇంజను ఆగితే ఈ కారులో పవర్ స్టీరింగు సహాయం పోయి చక్రం తిప్పడం బరువవుతుంది. బ్రేకులకు మాత్రం ఇంజను వ్యాక్యూమ్ మీద ఆధారపడని, విద్యుత్ పంపుతో నడిచే పవర్‌మాస్టర్ అనే ఏర్పాటు ఉండేది. చాలామంది తరువాతి కాలంలో దానిని తీసివేసి వ్యాక్యూమ్ బూస్టరు అమర్చుకున్నారు. అటువంటి కార్లలో ఇంజను ఆగిన తరువాత ఒకటి రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడలు గట్టిపడుతుంది.